బెల్టు పెట్టుకున్నా గాయం ఎందుకు తగిలింది? సీటు బెల్టు సరైన తీరుపై చర్చ

వేకువబాట

మూడు వారాల కిందట మా చెల్లెలు, ఆమె భర్త ప్రయాణిస్తున్న కారు రోడ్డు మధ్య డివైడర్‌ను ఢీకొంది. ఇద్దరూ ముందు సీట్లలోనే ఉన్నారు, ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు, కారు వేగమూ ఇద్దరికీ ఒక్కటే. అయినా అతనికి ఛాతీ మీద ఏటవాలుగా ఒక నల్లటి కమిలిన చార మాత్రమే పడింది, మరునాడే ఇంటికి వచ్చేశాడు. మా చెల్లెలికి రెండు పక్కటెముకలు విరిగి, ప్లీహం చిట్లి, లోపల రక్తస్రావమైంది. ఇప్పుడు కోలుకుంటోంది.

తేడా ఎక్కడ వచ్చిందో శస్త్రచికిత్స చేసిన వైద్యుడు చెప్పే దాకా మాకు తెలియలేదు. భుజం పట్టీ మెడకు ఒరుసుకుంటోందని ఆమె ఎప్పటి నుంచో దాన్ని చంక కింది నుంచి వేసుకుంటోంది. పక్కన కూర్చున్న మేమెవరమూ ఒక్కసారి కూడా అది తప్పని అనలేదు, ఎందుకంటే బకిల్ పడిన చప్పుడు వినబడితే చాలని అనుకున్నాం. పెట్టుకున్నామా లేదా అని చూసుకున్నామే గాని, ఎలా పెట్టుకున్నామని ఒక్క రోజూ చూసుకోలేదు. ఈ విషయం తెలిసిన సభ్యులు వివరంగా రాస్తే, మా ఇంట్లో జరిగింది మరో ఇంట్లో జరగకుండా ఉంటుందని ఇక్కడ అడుగుతున్నాను.

భౌతికం

వేకువబాట గారూ, మీ చెల్లెలు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నేను పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ వైపు నుంచి కొంత రాస్తాను.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారులో మనమూ అదే వేగంతో వెళ్తున్నాం. కారు గోడకు గుద్దుకుంటే ఆగేది కారు, మనం కాదు. ఆ వేగం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు పైనుంచి, కింద పడిన మనిషి నేలను తాకే వేగంతో సమానం. ఆ వేగాన్ని ఎంత దూరంలో పోగొట్టుకుంటామన్న దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. బెల్టు బిగుతుగా ఉన్నవాడు కారు ముందుభాగం నలిగే కొద్దీ దానితో పాటే నెమ్మదిస్తాడు. నలిగే దూరమూ బెల్టు సాగే దూరమూ కలిపి అర మీటరు దొరికిందనుకుంటే, అతని మీద పడే బలం తన బరువుకు సుమారు 20 రెట్లు. బెల్టు లేనివాడు కారు ఆగిపోయాక కూడా అదే వేగంతో ముందుకు పోయి, డ్యాష్‌బోర్డుకు తగిలి ఐదు సెంటీమీటర్లలో ఆగాడనుకుంటే అది 200 రెట్లకు చేరుతుంది. దూరం పదో వంతైతే బలం పది రెట్లవుతుంది.

బెల్టు వదులుగా పెట్టుకోవడం వల్ల నష్టమేమిటో కూడా దీని నుంచే అర్థమవుతుంది. ఒంటికీ పట్టీకీ మధ్య ఉన్న ఖాళీలో శరీరం ఏ అడ్డూ లేకుండా ముందుకు దూసుకుపోతుంది. నెమ్మదించడానికి ఉన్న ఆ కాస్త దూరంలో కొంత అక్కడే వృథా అయిపోతుంది.

రాత్రి డ్యూటీ

నేను అత్యవసర విభాగంలో నర్సును. మీ చెల్లెలి విషయంలో వైద్యుడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ తరహా గాయాలను నేను కూడా చూశాను.

భౌతికం గారు లెక్క చెప్పారు, నేను ఒంటి గురించి చెబుతాను. అంత బలాన్ని మోయగలిగే చోట్లు మన శరీరం ముందుభాగంలో కొన్నే ఉన్నాయి. అవి తుంటి ఎముకలు, రొమ్ము ఎముక, మెడ కింద అడ్డంగా భుజం వైపు వెళ్లే ఎముక. బెల్టు మార్గం సరిగ్గా వీటి మీదుగా పోవాలి. నడుము పట్టీ అని పేరుకు అంటాం గాని, అది నడుము మీద ఉండకూడదు, పొట్ట మీద అసలే ఉండకూడదు. తొడలు మొదలయ్యే చోట, రెండు పక్కలా చేతికి గట్టిగా తగిలే తుంటి ఎముకలకు ఆనుకొని కిందికి ఉండాలి. భుజం పట్టీ మెడకూ భుజం చివరకూ నడుమ బయలుదేరి రొమ్ము మధ్యగా ఏటవాలుగా దిగాలి.

చంక కింది నుంచి వేసుకుంటే భుజం పట్టీ బలమంతా కింది పక్కటెముకల మీద పడుతుంది. అవి సన్ననివి, వాటి వెనుకే ఎడమ పక్క ప్లీహం, కుడి పక్క కాలేయం ఉంటాయి. పైగా భుజాన్ని పట్టుకునేది ఏదీ లేనందున పైభాగం బెల్టు మీదుగా ముందుకు మడత పడి తల వెళ్లి కొట్టుకుంటుంది. పట్టీని వీపు వెనక్కి తోసేసేవారు కూడా ఉన్నారు. అప్పుడు కింది పట్టీ ఒక్కటే మిగిలి, శరీరం దాని దగ్గర రెండుగా వంగి, పేగులకూ వెన్నుపూసలకూ దెబ్బ తగులుతుంది.

మెడకు ఒరుసుకోవడం నిజమైన ఇబ్బందే, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే అందుకు పరిష్కారం చాలా కార్లలోనే ఉంది. తలుపుల మధ్య స్తంభం మీద, పట్టీ బయటికి వచ్చే చోట, ఒక మీట నొక్కి పైకీ కిందికీ జరిపే అమరిక ఉంటుంది. పొట్టివారు దాన్ని కిందికి దించుకోవాలి. అది లేని కారైతే సీటు ఎత్తు పెంచుకొని చూడాలి.

నిదానమే ప్రధానం

అందరూ ఒకే మాట చెబుతున్నారు కాబట్టి, రెండో వైపు మాట కూడా మనస్ఫూర్తిగా ఉంచుతున్నాను. 22 ఏళ్లుగా కారు నడుపుతున్నాను, నిదానంగానే నడుపుతాను. ఊళ్లో తిరిగే వేగానికి బెల్టు అవసరమని నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. పైగా కారుకు నిప్పంటుకున్నా, నీళ్లలో పడినా బెల్టు విప్పుకోలేక చిక్కుకుపోతామన్న భయం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. నా కారులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. అవి ఉండగా బెల్టు కూడా ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

భౌతికం

నిదానమే ప్రధానం గారూ, మీ భయాన్ని దాచకుండా చెప్పినందుకు ధన్యవాదాలు. ఇలాంటి సందేహమున్నవారు చాలామంది ఉంటారు.

నిప్పంటుకోవడం, నీళ్లలో పడటం మొత్తం ప్రమాదాల్లో చాలా కొద్ది. ఆ కొద్దిలో కూడా బయటపడాలంటే ముందు మనకు స్పృహ ఉండాలి, కాళ్లూ చేతులూ ఆడాలి. గుద్దుకున్న తొలి క్షణంలో తల కొట్టుకొని స్పృహ తప్పినవాడికి తలుపు తెరిచే అవకాశమే ఉండదు. మనిషికి స్పృహ నిలిపే పని బెల్టు చేస్తుంది, ఆపై ఒక మీట నొక్కితే అది ఊడి వస్తుంది. మనసు స్థిమితపడదంటే, బెల్టు కోసే చిన్న పరికరం ఒకటి చేతికి అందే చోట బిగించుకోండి.

నిదానంగా నడపడం మంచి అలవాటే. కాని ఎదురుగా వచ్చే బండి మీ నిదానాన్ని పాటించదు. మీరు 40లో, అవతలివారు 60లో ఎదురెదురుగా గుద్దుకుంటే రెండు బండ్లూ దగ్గరయ్యే వేగం 100.

ఎయిర్‌బ్యాగు గురించి గ్యారేజీ పక్షి గారు నా కన్నా బాగా చెప్పగలరు.

గ్యారేజీ పక్షి

నన్ను పిలిచారు కాబట్టి రాస్తున్నాను. కార్ల మరమ్మతులో 15 ఏళ్లుగా ఉన్నాను.

బెల్టు లేనివాడికి ఎయిర్‌బ్యాగు పూర్తి రక్ష కాదు, కొన్నిసార్లు అదే గాయం చేస్తుంది. అది రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో విపరీతమైన వేగంతో ఉబ్బుతుంది. పూర్తిగా ఉబ్బి, గాలి వదలడం మొదలయ్యే సమయానికి మనిషి ముఖం దాన్ని తాకాలని లెక్కగట్టి తయారు చేస్తారు. బెల్టు లేనివాడు బ్రేకు పడగానే ముందుకు జారిపోతాడు, అది ఇంకా ఉబ్బుతుండగానే దాని మీద పడతాడు. అందుకే డ్రైవరు రొమ్ముకూ స్టీరింగు మధ్య భాగానికీ నడుమ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలని చెబుతారు. ఆ దూరాన్ని నిలిపి ఉంచేది కూడా బెల్టే.

ఇక బెల్టు లోపల ఏముందో కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే సగం ఫిర్యాదులు అది తెలియకపోవడం వల్లనే. పట్టీ చుట్టుకునే పెట్టెను రిట్రాక్టర్ అంటారు. చాలా రకాల్లో దాని లోపల చిన్న గిన్నెలో ఒక గోళీ ఉంటుంది. కారు హఠాత్తుగా ఆగినా, బాగా ఒరిగినా గోళీ కదిలి ఒక కొక్కేన్ని పైకి లేపుతుంది, వెంటనే చక్రం తిరగడం ఆగిపోతుంది. పట్టీని గబుక్కున లాగితే బిగుసుకునే ఏర్పాటు వేరుగా ఉంటుంది. కారును వాలులో నిలిపినప్పుడు బెల్టు బయటికి రావడం లేదని కంగారుపడి ఫోన్ చేస్తుంటారు. అది చెడిపోవడం కాదు, గోళీ తన పని తాను చేయడం. పట్టీని పూర్తిగా లోపలికి పోనిచ్చి, నెమ్మదిగా లాగి చూడండి. చదునైన నేల మీద గబుక్కున లాగినప్పుడు కూడా బిగుసుకోకపోతే మాత్రం దాన్ని వెంటనే చూపించాలి.

కొత్త కార్లలో ఇంకో రెండు ఉంటాయి. ప్రీటెన్షనర్ అనేది గుద్దుకున్న వెంటనే చిన్న మందు పేలి, ఆ వాయువు బలంతో పట్టీని కొన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగి ఒంటికి బిగిస్తుంది. ఆ తర్వాత లోడ్ లిమిటర్, ఛాతీ మీద బలం హద్దు దాటకుండా పట్టీని కొద్దికొద్దిగా వదులుతుంది. మందు పేలే ప్రీటెన్షనర్ ఒక్కసారికే పనికొస్తుంది. ప్రమాదం తర్వాత బయటికి ఏ మార్పూ కనబడకపోయినా ఆ బెల్టును మార్చాల్సిందే. పట్టీ మీద నిగనిగలాడే రాపిడి గీతలు, అంచుల్లో రేగిన దారాలు, అలలలా సాగిన నేత కనబడితే అది ఒకసారి భారం మోసిందని గుర్తు. పాత కారు కొనేవారు పట్టీని చివరి దాకా బయటికి లాగి చూసుకోవాలి. ఎయిర్‌బ్యాగు దీపం ఆరకుండా వెలుగుతుంటే ప్రీటెన్షనర్‌లో లోపం కూడా అందుకు కారణం కావచ్చు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. హెచ్చరిక చప్పుడు ఆగడానికి బకిల్‌లో పెట్టే ఉత్తుత్తి నాలుకలు అమ్ముతున్నారు. చాలా కార్లలో బెల్టు పెట్టుకున్నారో లేదో చూసుకొని, దాన్ని బట్టి ఎయిర్‌బ్యాగు ఎప్పుడు పేలాలో కంప్యూటరు నిర్ణయించుకుంటుంది. ఆ నాలుక పెట్టినవారు చప్పుడును ఆపామనుకుంటారు గాని, తమ ప్రాణానికి సంబంధించిన లెక్కలో అబద్ధం చెబుతున్నారు. పట్టీ బిగుతుగా ఉందని దాన్ని వదులుగా నిలిపే క్లిప్పులదీ అదే కథ. దయచేసి రెండూ తీసి పారేయండి.

నీలిమేఘం

మా బాబుకు ఏడేళ్లు. పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు చిన్నపిల్లల వస్తువని వాడు ఏడుస్తున్నాడు, మా అత్తగారు కూడా ఇక చాలంటున్నారు. నేరుగా పెద్దల బెల్టు పెట్టవచ్చా? చంటిపాపను ఒళ్లో పెట్టుకొని నా బెల్టులోనే కలిపి కట్టుకోవచ్చా అని మా తోడికోడలు కూడా అడగమంది.

రాత్రి డ్యూటీ

నీలిమేఘం గారూ, ముందు చంటిపాప సంగతి. అది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దని మీ తోడికోడలికి ఈ రోజే చెప్పండి. ఒకే బెల్టులో ఇద్దరుంటే, ప్రమాదంలో మీ శరీరం బరువంతా బెల్టుకూ మీకూ మధ్య ఉన్న పాప మీద పడుతుంది. బెల్టు బయట చేతులతో పట్టుకోవడం కూడా సాధ్యం కాదు. భౌతికం గారి లెక్కతోనే చెబుతాను. 50 కిలోమీటర్ల వేగం పదో వంతు సెకనులో ఆగిపోతే, 10 కిలోల పాప ఆ క్షణంలో 140 కిలోల బరువులా లాగుతుంది. ఎంత ప్రేమ ఉన్నా ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. చంటిపిల్లలు వెనక్కి తిరిగి ఉండే ప్రత్యేక సీటులో ఉండాలి, ఎందుకంటే వారి తల బరువు, మెడ బలహీనం. అప్పుడు వీపు, తల, మెడ మొత్తాన్నీ సీటు వెన్ను ఒకేసారి మోస్తుంది. పనిచేసే ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో ఆ సీటును ఎప్పుడూ పెట్టకూడదు.

మీ బాబు విషయంలో వయసు కొలత కాదు, ఎత్తు కొలత. సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చే దాకా పెద్దల బెల్టు పిల్లలకు అమరదు, ఏడేళ్ల పిల్లలు సాధారణంగా అంత ఎత్తు ఉండరు. ఇంట్లోవారికి చూపించాలంటే బూస్టర్ లేకుండా ఒకసారి కూర్చోబెట్టండి. వీపు సీటుకు పూర్తిగా ఆనాలి, ఆనినప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, కింది పట్టీ తొడల మొదట్లో ఉండాలి, పై పట్టీ మెడనూ ముఖాన్నీ తాకకుండా భుజం మధ్యన పడాలి. ప్రయాణమంతా అలాగే కూర్చోగలగాలి. మోకాళ్లు వంగక ముందుకు జారాడంటే కింది పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది, అది కళ్లారా చూశాక మీ అత్తగారే వద్దంటారు. పిల్లల తుంటి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు కాబట్టి పట్టీ సులువుగా జారుతుంది. దాన్ని సరైన చోట నిలిపి ఉంచడమే బూస్టర్ చేసే పని.

గ్యారేజీ పక్షి

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను. పిల్లల సీటును బిగించడానికి కొన్ని కార్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. పట్టీని చివరి దాకా లాగితే, ఆ తర్వాత అది లోపలికి పోతుందే గాని బయటికి రాదు. సీటును కట్టడానికి అది మంచిదే. కాని పిల్లలు ఆటగా పట్టీని పూర్తిగా లాగి మెడ చుట్టూ చుట్టుకుంటే, కదిలిన ప్రతిసారీ అది మరింత బిగుస్తుంది, వదులు కాదు. ఎవరూ కూర్చోని సీట్లలో కూడా, పిల్లల చేతికి అందే బెల్టులను బకిల్‌లో పెట్టి ఉంచండి. పిల్లలను కారులో ఒంటరిగా వదలవద్దు.

ఎనిమిదో నెల

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. నా పేరు చూస్తేనే నా ప్రశ్న అర్థమవుతుంది. పట్టీ బిడ్డకు ఒత్తుకుంటుందేమోనని రెండు నెలలుగా బెల్టు పెట్టుకోవడం మానేశాను. ఇది తప్పా?

రాత్రి డ్యూటీ

తప్పు అనను తల్లీ, బిడ్డ మీద జాగ్రత్తతోనే మానేశారు. కాని ఈ రోజు నుంచి మళ్లీ పెట్టుకోండి. కడుపులోని బిడ్డకు మొదటి రక్షణ తల్లి బతికి ఉండటమే. బెల్టు లేకుండా పొట్ట స్టీరింగుకు గాని డ్యాష్‌బోర్డుకు గాని తగిలితే మావి గర్భాశయం నుంచి విడిపోయే ప్రమాదం ఉంది. కింది పట్టీని పొట్ట కిందికి, తుంటి ఎముకల మీదికి దించండి. పై పట్టీని రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా పోనివ్వండి. పొట్ట ఉబ్బు మీదుగా ఏ పట్టీ వెళ్లకూడదు. మొదట కిందిది సర్దుకొని, తర్వాత పైదాన్ని లాగి వదులు తీసేయండి. సీటును వీలైనంత వెనక్కి జరపండి. చిన్నపాటి దెబ్బ తగిలి మీకేమీ నొప్పి లేకపోయినా, అదే రోజు వైద్యులకు చూపించుకోవాలి.

ఎనిమిదో నెల

కారులో కూర్చొని ఇప్పుడే సర్దుకొని చూశాను. ఇన్నాళ్లూ ఒత్తుకున్నది పట్టీ వల్ల కాదు, దాన్ని పొట్ట మధ్యన కట్టడం వల్ల. కిందికి దించితే ఏ ఇబ్బందీ లేదు. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

వెనుక సీటు

వెనుక కూర్చునేవారి గురించి ఎవరూ రాయలేదు. మా నాన్నగారు వెనుక సీటులో ఎప్పుడూ బెల్టు పెట్టుకోరు, ముందు సీటు అడ్డుంటుందిగా అంటారు. దానికి తోడు, మేం సీటు కవర్లు వేయించినప్పుడు వెనుక బకిళ్లు వాటి కిందే ఉండిపోయాయి.

భౌతికం

ముందు సీటు ఆయనకు అడ్డు కాదు, ఆయన గుద్దుకునే వస్తువు. అంతకన్నా ముఖ్యంగా, ఆయనే ముందు కూర్చున్నవారి మీద పడతారు. 70 కిలోల మనిషి వెనుక నుంచి వచ్చి సీటును ఢీకొడితే, బెల్టు పెట్టుకున్న డ్రైవరు ఛాతీ అటు బెల్టుకూ ఇటు సీటుకూ మధ్య నలుగుతుంది. పెద్దవారికి తమ ప్రాణం గురించి చెబితే వినకపోవచ్చు గాని, ముందు కూర్చున్న కొడుకు ప్రాణం గురించి చెబితే వింటారని నా నమ్మకం.

గ్యారేజీ పక్షి

కవర్ల కింద బకిళ్లు పాతేయడం నేను తరచూ చూస్తాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. కవరు ఆ చోట కత్తిరించి బకిళ్లను పైకి తీయించండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లకైతే దానికి అడ్డురాని కవరే వేయించాలి. మెత్తటి మందపు దిండ్లు కూడా వద్దు, మనిషి వాటిలో కుంగి కింది పట్టీ కింద నుంచి ముందుకు జారిపోతాడు. సీటును బాగా వెనక్కి వాల్చి నిద్రపోవడమూ అంతే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు పై పట్టీ ఛాతీకి దూరంగా గాలిలో ఉంటుంది.

భుజం పట్టీ, నడుము పట్టీ కలిసి ఉండే ఈ మూడు బిందువుల బెల్టును 1959లో వోల్వో కార్లకు రూపొందించిన నీల్స్ బోలిన్ అంతకు ముందు విమానాల నుంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేసిన ఇంజనీరు. ఒక్క చేత్తో పెట్టుకోగలగాలి, పట్టీలు రెండూ తుంటి పక్కన కిందుగా కలవాలి అన్నవి ఆయన రూపకల్పనలో కీలకం. ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో విడిచిపెట్టింది. అంత ఆలోచించి అమర్చిన వస్తువును మనం కవరు కింద దాచకూడదు.

నిదానమే ప్రధానం

అందరి సమాధానాలూ రెండు సార్లు చదివాను. నీళ్ల భయం ఇంకా పూర్తిగా పోలేదు, అది ఒక్క రోజులో పోయేది కాదు. అయితే ఎయిర్‌బ్యాగు విషయంలో నేను అనుకున్నది తప్పని ఒప్పుకుంటున్నాను. బెల్టు కోసే పరికరం ఒకటి తెప్పించుకుంటాను, ఊళ్లో తిరిగేటప్పుడు కూడా పెట్టుకుంటాను. ఒక సందేహం మిగిలింది. చలికి మందపాటి కోటు వేసుకున్నప్పుడు బెల్టు దాని మీద నుంచి పెట్టుకోవచ్చా?

రాత్రి డ్యూటీ

కోటు విప్పి గాని, ముందు గుండీలు తీసి రెండు పక్కలకూ తొలగించి గాని పెట్టుకోండి. మందపాటి బట్ట ప్రమాదంలో అణగిపోతుంది, అణగినంత మేర బెల్టు వదులవుతుంది. పిల్లల సీటులోనైతే ఇది మరింత ముఖ్యం. పట్టీలు బిగించాక కోటును పైన దుప్పటిలా కప్పవచ్చు.

వేకువబాట

మా చెల్లెలికి ఈ చర్చంతా నిన్న సాయంత్రం చదివి వినిపించాను. కొత్త బెల్టులు బిగించిన తర్వాత కారును ఇంటికి తెచ్చారు. ఆ స్తంభం మీది మీట సంగతి ఆమెకు గాని ఆమె భర్తకు గాని ఇన్నేళ్లలో తెలియదు. ఈ ఉదయం ఆమె నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కారులో కూర్చొని, దాన్ని రెండు మెట్లు కిందికి దించింది. పట్టీ మెడను తాకలేదు.

వెనుక సీటు

మేమూ ఈ రోజు కవర్లు విప్పాం. మూడు బకిళ్లలో రెండు బాగానే ఉన్నాయి. మధ్యది నాలుక పట్టడం లేదు, లోపల దుమ్ము గడ్డకట్టి ఉంది. గ్యారేజీకి ఇచ్చాను, మార్చే దాకా ఆ చోట ఎవరినీ కూర్చోనివ్వం. నాన్నగారు కిటికీ పక్కన కూర్చొని బెల్టు పెట్టుకున్నారు. కింది పట్టీ పొట్ట మీద ఉంటే, ఆయన అడగకుండానే నేను దాన్ని తుంటి మీదికి దించాను.